కుడి ఎడమల మధ్య వంటిల్లు



పేపర్లో విదేశీ వార్తల పేజీ వచ్చిందంటే మనలో చాలామందిమి గబగబా తిప్పేస్తాం. జర్మనీలో మితవాదులు పుంజుకున్నారనీ, ఫ్రాన్సులో వామపక్షాలు జట్టు కట్టాయనీ, అమెరికాలో లిబరల్స్ మండిపడుతున్నారనీ రాస్తారు. ఈ మితవాదులు ఎవరో, లిబరల్ అంటే దేనికి లిబరలో విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. ఇంట్లో మగవాళ్ళను అడిగితే, "అదంతా నీకెందుకు గానీ, కాసిని కాఫీ పట్రా" అన్నా అనవచ్చు. ఆ కాఫీ ఎవరు కలపాలన్నది కూడా ఆ సిద్ధాంతాల్లో వున్న సంగతేనని వాళ్ళకూ తెలియదు పాపం.

ఈ రోజు ఆ ముచ్చటే చెప్పుకుందాం. పాశ్చాత్య దేశాల రాజకీయ సిద్ధాంతాలు ఎలా పుట్టాయి, ఎలా మారుతూ వచ్చాయి, ఇకముందు ఏమవుతాయి అన్నది పెద్ద పెద్ద గ్రంథాల విషయం. అయితే ఆ గ్రంథాలను మన వైపు నుంచి, అనగా పొయ్యి వైపు నుంచి చూస్తే, ఒక్క ప్రశ్నతో సగం చిక్కులు విడిపోతాయని నాకనిపిస్తుంది. పసిపిల్లల్ని, ముసలివాళ్ళని, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే చాకిరీ ఎవరు చెయ్యాలి? దాని ఖర్చు ఎవరు భరించాలి? ఇల్లాలా, బజారా, ప్రభుత్వమా? ప్రతి ఇజమూ దీనికి ఏదో ఒక జవాబు చెప్పింది. చాలాసార్లు పైకి చెప్పకుండానే చెప్పింది.

ముందు ఈ కుడి, ఎడమ అన్న మాటల సంగతి. ఇవి ఫ్రాన్సులో పుట్టాయి. 1789లో అక్కడి జాతీయ సభలో ఒక తగవు వచ్చింది. సభ చేసిన చట్టాన్ని కాదనే అధికారం రాజుకు వుండాలా, అక్కర్లేదా అని. వుండాలన్నవాళ్ళు అధ్యక్షుడి కుడిచేతి వైపు చేరారు, అక్కర్లేదన్నవాళ్ళు ఎడమచేతి వైపు చేరారు. కూర్చున్న చోటే పేరైపోయింది. మన పత్రికల్లో ఎడమవాళ్ళు వామపక్షం అయ్యారు, కుడివాళ్ళు ఎందుచేతనో మితవాదులయ్యారు. అర్ధనారీశ్వరుడిలో పార్వతమ్మది వామభాగమే గదా. ఫ్రాన్సు సభలో మాత్రం ఎడమ వైపునా ఆడవాళ్ళు లేరు, కుడి వైపునా లేరు.

ఆ ఏడాదే అక్టోబరు 5వ తేదీన వచ్చారు. ఎవరో ఎన్నుకుని పంపితే రాలేదు, ఆకలి పంపితే వచ్చారు. ప్యారిస్‌లో రొట్టె దొరకడం లేదు, దొరికినా కొనలేని ధర. చేపలమ్మేవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు, ఇళ్ళలో వుండే ఆడవాళ్ళు వేల మంది పోగై, వానలో తడుస్తూ సుమారు 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయ్‌లో వున్న రాజు దగ్గరికి వెళ్ళారు. సభలోకి కూడా జొరబడి, బురద కాళ్ళతో సభ్యుల బల్లల మీద కూర్చుని, ముందు రొట్టె సంగతి తేల్చమన్నారు. మర్నాడు రాజునూ రాణినీ కొడుకునూ వెంటబెట్టుకునే ప్యారిస్ తిరిగివచ్చారు. రాజు మళ్ళీ వెర్సాయ్ ముఖం చూడలేదు. సభలో పెద్దమనుషులు నెలల తరబడి వాదించి తేల్చలేనిది ఈ అమ్మలు రెండు రోజుల్లో తేల్చారు. కానీ 1791లో రాజ్యాంగం రాసినప్పుడు ఆడవాళ్ళకు ఓటు లేదన్నారు. ఒలింప్ దె గూజ్ అనే రచయిత్రి, మగవాళ్ళ హక్కుల ప్రకటనకు పోటీగా ఆ సంవత్సరమే స్త్రీ హక్కుల ప్రకటన రాసింది. 1793లో ఆవిడ తల తీశారు, అప్పటి పాలకులకు నచ్చని రాతలు రాసినందుకు.

ఫ్రాన్సులో జరుగుతున్నది చూసి ఇంగ్లండులో ఎడ్మండ్ బర్క్ బెంబేలెత్తాడు. 1790లో పెద్ద పుస్తకం రాశాడు. తాతల నాటి ఇంట్లో వాన కురిస్తే పెంకులు మార్చుకోవాలి గానీ ఇల్లంతా కూలగొట్టి చెట్టు కింద కూర్చుంటారా అన్న ధోరణి ఆయనది. సంప్రదాయవాదానికి, అంటే కన్సర్వేటివ్ ఆలోచనకు, ఆయనను మూలపురుషుడిగా చెబుతారు. కొట్టిపారేయదగ్గ వాదం ఏమీ కాదు. పాతింటి విలువ మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కాకపోతే ఆ పాతింట్లో పొగ పొయ్యి ముందు కూర్చునేది ఎవరన్న మాట ఆయన ఎత్తలేదు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఎత్తింది. ముందు బర్క్‌కు జవాబు రాసి, తర్వాత 1792లో ఆడపిల్లల చదువుకోసం, హక్కులకోసం ఆవిడ రాసిన పుస్తకం ఇవాళ్టికీ కాలేజీల్లో చదువుతున్నారు.

ఇక ఉదారవాదం. లిబరలిజం అన్నా అదే. రాజూ, చర్చీ, జమీందారూ మనిషిని అడుగడుగునా కట్టిపడెయ్యకూడదు, మాట్లాడే స్వేచ్ఛ, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ వుండాలి అన్నది దాని సారాంశం. వ్యాపారం వైపు దీనికి పెద్ద దిక్కు ఆడం స్మిత్. అంగడివాడు తన లాభం కోసమే అమ్ముతాడు, అయినా దానివల్ల అందరికీ సరుకు అందుతుంది అని 1776లో రాశాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆ పుస్తకం చాలా భాగం కర్కాల్డీ అనే ఊళ్ళో తల్లిగారింట కూర్చునే రాశాడు. తల్లి మార్గరెట్ డగ్లస్ 1784లో పోయేదాకా ఆయన బాగోగులు చూసింది. సరుకు బజారు నుంచి వచ్చింది సరే, దాన్ని వండి పళ్ళెంలో పెట్టిందెవరు అని కత్రీన్ మార్సాల్ అనే స్వీడన్ రచయిత్రి 2012లో ఒక పుస్తకమే రాసింది. స్మిత్ లెక్కలో ఆ తల్లి చాకిరీ ఎక్కడా పడలేదు.

పడకపోయినా ఉదారవాదులు మన వంటింటికి చేసిన మేలు ఒకటుంది. ఇంగ్లండులో 1815 నుంచీ బయటి దేశాల ధాన్యం రాకుండా అడ్డుకునే చట్టాలుండేవి. జమీందార్ల గోధుమకు మంచి ధర రావాలని ఆ ఏర్పాటు. దానివల్ల రొట్టె ధర ఎక్కి కూర్చునేది. వాటిని రద్దు చెయ్యమని ఉదారవాదులు ఊరూరా సభలు పెట్టారు. 1846లో రద్దయ్యాయి. రద్దు చేసిన ప్రధాని రాబర్ట్ పీల్ మాత్రం జమీందార్ల పార్టీ వాడే. పాపం, ఆ దెబ్బతో ఆయన పార్టీ రెండు ముక్కలైంది. ఆ మరుసటేడే, 1847లో, బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు, కుర్రవాళ్ళు రోజుకు పది గంటలకు మించి పని చెయ్యనక్కర్లేదని చట్టం వచ్చింది. ఇక్కడ విచిత్రం చూడండి. ఆ చట్టం కోసం ఏళ్ళ తరబడి పాటుపడిన లార్డ్ ఆష్లీ సంప్రదాయవాది. చవక రొట్టె కోసం పోరాడిన ఉదారవాది జాన్ బ్రైట్ ఈ చట్టం వద్దని వాదించాడు. యజమానికీ కూలికీ మధ్య ప్రభుత్వం ఎందుకు దూరాలి అన్నది ఆయన లెక్క. అంచేత ఏ పేరు పెట్టుకున్నవాడు మన పక్షమో పేరు చూసి చెప్పలేం.

ఆ మిల్లుల పొగలోంచే సోషలిజం వచ్చింది. మార్క్స్, ఎంగెల్స్ 1848లో కమ్యూనిస్టు ప్రణాళిక ప్రకటించారు. మిల్లులు, గనులు యజమానుల చేతిలో కాక సమాజం చేతిలో వుండాలన్నారు. తర్వాత మార్క్స్ లండన్‌లో వుండి ఏళ్ళ తరబడి 'పెట్టుబడి' గ్రంథం రాశాడు. 1867లో మొదటి సంపుటం వచ్చింది. ఆయన దస్తూరీ ఎవరికీ కొరుకుడు పడేది కాదు, భార్య జెన్నీ శుభ్రంగా తిరగరాసి ఇచ్చేది. వంటా, పిల్లలూ, వెండి సామాను తాకట్టు పెట్టి తేవడమూ హెలెన్ డెమూత్ చూసేది. 1845లో ఆ ఇంట్లో పనికి చేరిన మనిషి, మార్క్స్ పోయేదాకా అక్కడే వుంది. చివరికి వాళ్ళ సమాధిలోనే ఆవిడనూ పెట్టారు. శ్రమ విలువ గురించి ప్రపంచాన్ని ఊపేసిన పుస్తకం అది. అందులోనూ లెక్కకట్టింది మిల్లులో శ్రమనే. స్మిత్, మార్క్స్ ఉత్తర దక్షిణ ధ్రువాల్లాంటి వాళ్ళు, ఇద్దరికీ వేళకు అన్నం మాత్రం అందింది.

ఓటు సంగతి త్వరగా చెప్పేస్తాను. న్యూజిలాండులో ఆడవాళ్ళకు 1893లో వచ్చింది, ఫిన్లాండులో 1906లో. బ్రిటన్‌లో 1918లో ముప్ఫై దాటిన కొందరికి, 1928లో మగవాళ్ళతో సమానంగా. కుడి ఎడమలు పుట్టిన ఫ్రాన్సులో 1944 దాకా రాలేదు. అక్కడ చాలాకాలం అడ్డుపడింది ఎవరనుకున్నారు? వామపక్షంగా పేరుపడ్డ రాడికల్ పార్టీ సెనేటర్లు. ఆడవాళ్ళు చర్చి ఫాదర్లు చెప్పినవాళ్ళకు ఓటేస్తారని వాళ్ళ భయం. స్విట్జర్లాండులో అయితే 1971. అప్పటికి మన అమ్మలు, అమ్మమ్మలు నాలుగు సార్వత్రిక ఎన్నికలు చూసి వున్నారు.

1917లో రష్యాలో విప్లవం మొదలైంది కూడా రొట్టె దగ్గరే. మార్చి 8న, మహిళా దినం నాడు, పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లు ఆడవాళ్ళు పని మానేసి రొట్టె కావాలంటూ వీధిలోకి వచ్చారు. వారం తిరిగేసరికి జార్ గద్దె దిగాడు. కొత్త ప్రభుత్వంలో అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ మంత్రి అయింది. వీధికొక సామూహిక వంటశాల, పిల్లలకు శిశువిహారాలు, బట్టలకు చాకిరేవులు ప్రభుత్వమే పెడితే ఇల్లాలికి విముక్తి అని ఆవిడ కల. శిశువిహారాలు కొంత వచ్చాయి. వంటశాలల కల చాలామటుకు కలగానే మిగిలింది. ఆడవాళ్ళు పగలు ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రం క్యూలో నిలబడి, రాత్రి వంట చేసుకున్నారు. ఒక కాపుదల పోయి రెండు చాకిరీలు వచ్చాయి.

జర్మనీ నాజీలది దీనికి పూర్తిగా ఎదురు దారి. ఆడదాని చోటు ఇల్లే, పని పిల్లల్ని కనడమే అన్నారు. 1938లో మాతృ పతకాలు పెట్టారు. నలుగురు పిల్లలకు కంచు, ఆరుగురికి వెండి, ఎనిమిదిమందికి బంగారం. యూదుల తల్లులకు అవి లేవు, వాళ్ళకూ వాళ్ళ పిల్లలకూ ఏమి రాసిపెట్టారో లోకానికి తెలుసు. ఆ నాజీలతో ప్రాణాలొడ్డి పోరాడుతున్న సోవియట్ దేశం 1944లో తనూ పతకం పెట్టింది. పదిమందిని కని పెంచిన తల్లికి 'వీరమాత' బిరుదు. భూమ్యాకాశాలంత తేడా వున్న రెండు ప్రభుత్వాలూ సైనికులు తగ్గిపోతున్నారనగానే ఒకే కంసాలి దగ్గరికి పరుగెత్తాయి.

ఇప్పుడు మన ఈ శీర్షికకు దగ్గరి చుట్టమైన సంగతి ఒకటి. 1931 జనవరిలో లండన్ రేడియోలో జాన్ మేనార్డ్ కీన్స్ అనే ఆర్థికవేత్త ప్రసంగించాడు. అప్పుడు దేశమంతా మాంద్యం, లక్షలమందికి పని లేదు. ఆయన ప్రత్యేకంగా గృహిణులను ఉద్దేశించి, పొదుపు చెయ్యకండి, రేపు ఉదయమే బజారుకు వెళ్ళి కావలసిన దుప్పట్లూ పక్కగుడ్డలూ కొనుక్కోండి అని బతిమాలాడు. ఆ ప్రసంగాన్ని బి.బి.సి. వారపత్రిక 'లిజనర్' అచ్చువేసింది కూడా. తమాషాగా వుంది గదూ? మనకు చిన్నప్పటినుంచీ చెప్పింది దానికి విరుద్ధం. కానీ ఆయన తర్కం ఇది. ఒక ఇల్లు ఖర్చు తగ్గించుకుంటే ఆ ఇంటికి నాలుగు డబ్బులు మిగులుతాయి. అన్ని ఇళ్ళూ ఒకేసారి తగ్గించుకుంటే బట్టల కొట్టు మూతపడుతుంది, ఆ కొట్టుకు నేసేవాడి పని పోతుంది, ఆ నేసేవాడు మీ ఆయన పనిచేసే కంపెనీ సరుకు కొనడు. తిరిగి తిరిగి మీ పొదుపు మీ ఇంటికే తగులుతుంది. అలాంటప్పుడు ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి, జనం పెట్టలేకపోతే ప్రభుత్వమే అప్పు చేసి అయినా పెట్టాలి అన్నాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు పశ్చిమ దేశాల్లో కుడివాళ్ళూ ఎడమవాళ్ళూ చాలామంది ఈ మాటే పట్టుకు నడిచారు.

దాని పక్కనే వచ్చింది సంక్షేమ రాజ్యం. బ్రిటన్‌లో 1942లో బెవరిడ్జ్ నివేదిక, 1948 జూలై 5 నుంచి అందరికీ ఉచిత వైద్యం. ఇవి పుస్తకాల్లో దొరుకుతాయి. నేను చెప్పదలుచుకున్నది ఎలినార్ రాత్‌బోన్ అనే పార్లమెంటు సభ్యురాలి గురించి. పిల్లల్ని పెంచడం సమాజానికి చేసే పని, దానికి తల్లి చేతికి డబ్బు అందాలి అని ఆవిడ పాతికేళ్ళకు పైగా అడుగుతూ వచ్చింది. 1945లో ఎట్టకేలకు బిల్లు వచ్చింది. తీరా చూస్తే డబ్బు తండ్రి పేరున! ఇలాగైతే నా బిల్లుకే నేను వ్యతిరేకంగా ఓటు వేస్తానంది. సభలో ఆ ముక్క మార్పించింది. రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగులు, తల్లి చేతికి. 1946 ఆగస్టులో మొదటి చెల్లింపులు జరిగాయి. అప్పటికి ఆవిడ లేదు, జనవరిలోనే పోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఈ సొమ్ము పెంచి, దానికి బదులుగా తండ్రుల జీతంలో పన్ను రాయితీ తీసేద్దామంటే, 1976లో కార్మికుల ప్రభుత్వమే వెనక్కి తగ్గబోయింది. మగవాడి జేబులోంచి ఆడదాని సంచిలోకి డబ్బు మారుతుందని యూనియన్ల వాళ్ళు గొణిగారు. చివరికి 1977 నుంచి మారింది. నాకు మటుకు, ఏ ఇజమైనా ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి గీటురాయి కనబడలేదు. సొమ్ము ఎవరి చేతికి ఇస్తారు?

స్వీడన్ వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. 1928లో అక్కడి సోషల్ డెమొక్రాట్ నాయకుడు పెర్ ఆల్బిన్ హాన్సన్ దేశాన్ని 'ప్రజల ఇల్లు' అన్నాడు. మంచి ఇంట్లో ముద్దు బిడ్డ, సవతి బిడ్డ అన్న తేడా వుండదు గదా, దేశం కూడా అలాగే వుండాలని ఆయన భావం. 1974లో ప్రసూతి సెలవును తల్లిదండ్రుల సెలవుగా మార్చారు. జీతంలో చాలా భాగం ప్రభుత్వ బీమానుంచి వస్తుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరైనా అనేసరికి తల్లులే తీసుకున్నారు. అందుకని 1995 నుంచి ఒక నెల తండ్రికే అట్టేపెట్టారు, వాడుకోకపోతే పోయినట్టే. ఆ పని చేయించింది ఉదారవాద పార్టీ నాయకుడు. తర్వాత అది రెండు నెలలై, 2016లో మూడైంది. ఈ 'ఇంటి'కి ఒక చీకటిగది కూడా వుంది, అది చెప్పకపోతే తప్పు. తెలివి తక్కువవాళ్ళనీ, నడవడి బాగాలేదనీ ముద్రవేసి, 1930ల నుంచి 1970ల మధ్య దాకా 60,000 మందికి పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఎక్కువమంది ఆడవాళ్ళే, చాలామందికి ఇష్టం లేకుండానే. ఇల్లు నడిపే పెద్ద మరీ పెద్దవాడైపోతే ఏమవుతుందో అదే అయింది.

అమెరికా దారి వేరు. 1959 జూలైలో మాస్కోలో అమెరికా వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు. అక్కడ నమూనా వంటింటి ముందు నిలబడి ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ పోట్లాడుకున్నారు. మా ఇల్లాళ్ళకు బట్టలుతికే మిషన్లున్నాయి చూడండని ఒకరు, మా ఆడవాళ్ళను మీరు చూసే చూపే వేరని ఇంకొకరు. చరిత్రలో దానికి 'వంటింటి వాదం' అనే పేరు. ఇద్దరు మగవాళ్ళు, ఒక పొయ్యి, మధ్యలో ఇల్లాలు లేదు. పన్నెండేళ్ళకు ఆ నిక్సనే అధ్యక్షుడుగా వుండగా, దేశమంతటా శిశుసంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లును అక్కడి కాంగ్రెస్ ఆమోదించి పంపింది. 1971 డిసెంబరులో ఆయన దాన్ని తిరగ్గొట్టాడు. పిల్లల పెంపకం కుటుంబం చేతిలో వుండాలి గానీ సామూహికం కాకూడదని కారణం చెప్పాడు. బట్టల మిషన్ బజారు ఇస్తుంది, బిడ్డను మాత్రం ఇల్లాలే చూసుకోవాలి అన్నమాట. ఆ తర్వాత 1993లో వచ్చిన చట్టం ప్రకారం కూడా దేశమంతటికీ హామీ వున్నది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట్ల. కొన్ని రాష్ట్రాలు సొంతంగా జీతంతో సెలవు పెట్టుకున్నాయి, అది వేరు.

ఎక్కడో వాషింగ్టన్‌లో కొట్టేసిన బిల్లుతో మనకేం పని అంటారా? మీ వీధిలో ఎన్ని ఇళ్ళకు తాళాలున్నాయో చూడండి. అమ్మాయి పురిటికని విజయవాడ నుంచి డల్లాస్‌కూ, హైదరాబాదు నుంచి న్యూజెర్సీకీ ఆరేసి నెలలకు వెళ్ళివస్తున్న అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎంతమంది! వియ్యపురాళ్ళు వంతులు వేసుకుంటారు, ఈ ఆరు నెలలు మీరు, ఆ ఆరు నెలలు మేము అని. పచ్చళ్ళు సర్దుకుని, మోకాళ్ళ నొప్పుల మందులు సర్దుకుని, ఇంటి దగ్గర ఆయనకు క్యారియరు ఏర్పాటు చేసి బయలుదేరతారు. మనవణ్ణి ఎత్తుకునే సంతోషం సంతోషమే, కాదనను. కానీ ఆ దేశం తన చట్టంలో వదిలేసిన ఖాళీని పూడుస్తున్నది వీళ్ళు. స్వీడన్‌లో 2024 జూలై నుంచి, తల్లిదండ్రులు తమ జీతపు సెలవులో కొన్ని రోజులను తాతకో బామ్మకో బదలాయించవచ్చు, ఆ రోజులకు ప్రభుత్వమే డబ్బిస్తుంది. ఒకే పని, ఒక సిద్ధాంతం దానికి జీతం కట్టింది, ఇంకొక సిద్ధాంతం ప్రేమ అని పేరు పెట్టి వూరుకుంది.

ఈ చాకిరీ విలువ ఎంతో ఐస్‌లాండ్ ఆడవాళ్ళు ఒక రోజు లోకానికి చూపించారు. 1975 అక్టోబరు 24న దేశంలో నూటికి తొంభైమంది ఆడవాళ్ళు ఆఫీసు పనీ, ఇంటి పనీ రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. మగవాళ్ళు పిల్లల్ని ఆఫీసులకు తీసుకుపోయారు. ఇట్టే ఉడికిపోయే సాసేజీలు కొట్లలో అయిపోయాయట. అయిదేళ్ళకు, 1980లో, ఆ దేశం విగ్దీస్ ఫిన్‌బోగడోటిర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఒంటరి తల్లి ఆవిడ.

అలాగని ఆడవాళ్ళందరూ ఎడమ వైపే వెళ్ళారనుకోకండి. 1979లో బ్రిటన్‌కు తొలి మహిళా ప్రధాని అయిన మార్గరెట్ థాచర్ కరుడుగట్టిన కుడి పక్షం. కిరాణా కొట్టువాడి కూతురు. వచ్చిన దానికి లోబడి ఖర్చు పెట్టుకోవడం ప్రతి గృహిణికీ తెలుసు, ప్రభుత్వానికి ఎందుకు తెలియదు అనేది ఆవిడ వాదన. వినడానికి హాయిగా వుంటుంది. ఆ మాట మన ఇంటి లెక్కల పుస్తకానికి సరిపోయినట్టు దేశానికి సరిపోదని ఇందాక కీన్స్ గారి దుప్పట్లలో చూశాం. ప్రభుత్వ కంపెనీలు అమ్మేశారు. ప్రభుత్వ ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళకు ఆ ఇళ్ళే చవకగా ఇచ్చారు, దానికి సంతోషించిన ఇల్లాళ్ళు లక్షలమంది. గనులు మూతపడ్డ ఊళ్ళలో 1984-85 సమ్మె ఏడాది పొడుగునా సామూహిక వంటలు వండి సమ్మెను నిలబెట్టినవాళ్ళూ ఇల్లాళ్ళే. ప్రభుత్వం తగ్గించుకున్న ఖర్చు ఎక్కడికీ మాయమవదు. ఆసుపత్రి నుంచి రోగిని రెండు రోజులు ముందే పంపించేస్తే ఆసుపత్రి ఖాతాలో పొదుపు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఆ రెండు రోజులూ నిద్ర కాస్తారు, ఆ ఖాతా ఎక్కడా రాయరు.

1989లో బెర్లిన్ గోడ కూలింది, 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఇక సిద్ధాంతాల పోరు ముగిసింది, ఉదారవాదం గెలిచింది అని అమెరికాలో ఫ్రాన్సిస్ ఫుకుయామా అనే పండితుడు రాశాడు. ఆ సంబరం ఇరవై ఏళ్ళు కూడా నిలవలేదు. 2008లో బ్యాంకులు కుప్పకూలాయి. ప్రభుత్వాలు బ్యాంకులను నిలబెట్టి, ఆ పైన గ్రంథాలయాలకూ, వృద్ధుల సేవలకూ కోతలు వేశాయి. 2016లో బ్రిటన్ యూరపు కూటమి నుంచి బయటికి పోవాలని నూటికి 52 మంది ఓటు వేశారు. ఆ ఏడాదే ట్రంప్ గెలిచాడు, 2024లో మళ్ళీ గెలిచాడు.

ఇప్పుడు పాత బల్లల మీద మనుషులు మారిపోయారు. ఒకప్పుడు కూలీనాలీ జనం ఎడమ వైపు, డబ్బున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు కుడి వైపు. ఇవాళ చాలా దేశాల్లో పెద్ద చదువులవాళ్ళు ఎడమ వైపు జరిగారు, ఫ్యాక్టరీ పనివాళ్ళు కుడి వైపు జరుగుతున్నారు. ఫ్రెంచి ఆర్థికవేత్త తొమా పికెటీ 2018లో దీనికి మన దగ్గరి మాటే అరువు తీసుకుని 'బ్రాహ్మణ వామపక్షం', 'వర్తక మితవాదం' అని పేర్లు పెట్టాడు. కొత్త చీలిక ఇంకొకటి కూడా కనిపిస్తున్నది. 2025 ఫిబ్రవరిలో జర్మనీ ఎన్నికల్లో పాతికేళ్ళలోపు అబ్బాయిలు అందరికంటే ఎక్కువగా తీవ్ర మితవాద పార్టీకి, అదే వయసు అమ్మాయిలు అందరికంటే ఎక్కువగా వామపక్ష పార్టీకి ఓటు వేశారు. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ళు అటూ ఇటూ అన్నమాట. ఇది పెళ్ళిళ్ళ దాకా వస్తుందా అని అక్కడి పెద్దవాళ్ళు బెంగపడుతున్నారు.

ఇకముందు ఏమవుతుంది? జోస్యం చెప్పడం నా పని కాదు గానీ, గాలి ఎటు వీస్తోందో కొంత తెలుస్తూనే వుంది. పశ్చిమ దేశాల్లో పిల్లలు తగ్గిపోతున్నారు, ముసలివాళ్ళు పెరుగుతున్నారు. అందువల్ల ఇన్నాళ్ళూ లెక్కలోకి రాని చాకిరీ ఎన్నికల వేదికెక్కింది. కుడి పార్టీలే ఇప్పుడు తల్లులకు డబ్బు పంచుతున్నాయి. పోలండులో మితవాద ప్రభుత్వం 2016లో బిడ్డకు నెలకు 500 జ్లోటీలు ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని దించిన ప్రభుత్వమూ ఆపలేదు, 2024 నుంచి 800 అందుతున్నది. హంగరీలో 2020 నుంచి నలుగురు పిల్లల తల్లికి ఆదాయపు పన్ను లేదు. ఈ సాయం అవసరమే. అయితే ఇచ్చే చేతిలో పాత మాతృ పతకం ఏమైనా దాగి వుందా అని కూడా చూసుకోవాలి. అమెరికాలో అయితే, నిక్సన్ కొట్టేసిన 54 ఏళ్ళకు, 2025 నవంబరు నుంచి న్యూమెక్సికో రాష్ట్రం ఆదాయంతో పని లేకుండా అందరు తల్లిదండ్రులకూ ఉచిత శిశుసంరక్షణ మొదలుపెట్టింది. ఆ నెలలోనే న్యూయార్కు నగరం మేయరుగా గెలిచిన సోషలిస్టు జొహ్రాన్ మమ్‌దానీ, మన సినిమా దర్శకురాలు మీరా నాయర్ కొడుకు, ప్రచారంలో చెప్పిన పెద్ద వాగ్దానాల్లో ఇదీ ఒకటి.

ముసలివాళ్ళ సంగతి ఇంకా చిక్కు. ఇటలీలో వలసలు ఆపుతామని చెప్పి జార్జియా మెలోనీ 2022లో ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయింది. ఆవిడ ప్రభుత్వమే 2023 నుంచి 2025 దాకా మూడేళ్ళకు 4,52,000 మంది పరాయిదేశాల పనివాళ్ళకు అనుమతులు కేటాయించింది. పొలాలకూ ఫ్యాక్టరీలకూ మనుషులు కావాలి, ఇళ్ళలో ముసలివాళ్ళను కనిపెట్టుకునేవాళ్ళూ కావాలి. అలాంటి మనిషికి ఇటాలియన్ భాషలో 'బదాంతె' అని పేరు, కనిపెట్టుకుని వుండేది అని అర్థం. రుమేనియా నుంచి, ఉక్రెయిన్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది వున్నారు. వలసలు వద్దన్న పార్టీకి ఓటు వేసి వచ్చిన పెద్దావిడకు చెప్పులు విప్పి, మందు ఇచ్చి, సూపు తాగించేది ఆవిడే. ఆవిడ సొంత తల్లికి ఆ పూట అన్నం పెట్టేది ఎవరో, ఆ ఊళ్ళో ఇంకెవరో బంధువురాలు.